ఋణధర్మము – భూవ్యాపారము

అప్పు తీర్చలేకపోయినవాడు అధర్మపరుడగునా? ఈ ప్రశ్న వీరశైవ కుటుంబములకు క్రొత్తది కాదు. బట్టల అంగడి, కిరాణా, ధాన్యపు అడితి, నూనెగానుగ మొదలగు వృత్తులలో తరతరములుగా నున్నవారికి అరువు, వడ్డీ, నోటు, జామీను అనునవి నిత్యజీవితములోని మాటలే. అయినను గడచిన ఇరువది సంవత్సరములలో ఈ ప్రశ్నకు ఒక క్రొత్త ముఖము వచ్చినది. పూర్వము వ్యాపారి సరుకు చెడిపోయినందున గాని, వానలు లేక రైతుల బాకీలు నిలిచిపోయినందున గాని చితికిపోయెడివాడు. ఇప్పుడు అంగడిలో బేరము చక్కగా సాగుచుండగనే, ఆ అంగడితో ఏ సంబంధమును లేని ఒక భూమి కొరకు చేసిన అప్పువలన ఇల్లు, అంగడి రెండును పోగొట్టుకొనువారు కనబడుచున్నారు. వారితోపాటు వారిని నమ్మి సొమ్ము ఇచ్చినవారును చితికిపోవుచున్నారు. కావున బసవేశ్వరుని కాయక, దాసోహ తత్త్వముల వెలుగులో ఈ విషయమును విచారించుట అవసరము.

భూవ్యాపారములో దివాలా ఎట్లు పుట్టునో ముందు తెలిసికొనవలెను. దోషమెక్కడ నున్నదో తెలియనిదే ధర్మవిచారము సాగదు. ఒక వర్తకుని ఉదాహరణముగా తీసికొనవచ్చును. రహదారి ప్రక్కన కోటి రూపాయల వెలగల భూమిని అతడు కొన్నాడు. అతని సొంత సొమ్ము 20 లక్షలు. మిగిలిన 80 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బంధువులవద్ద, తెలిసినవారివద్ద నోట్లు వ్రాసి తెచ్చినాడు. నెలకు వడ్డీ 1 లక్షా 60 వేలు. సంవత్సరమునకు 19 లక్షల 20 వేలు. తెలంగాణములో 2021 జూలైలో పెంచిన ప్రకారము రిజిస్ట్రేషను ఖర్చులన్నియు కలిపి నూటికి ఏడున్నర. పూర్తి వెలకు దస్తావేజు వ్రాయించినచో మరియొక 7 లక్షల 50 వేలు. భూమి వెల పడిపోనక్కరలేదు. ఒక్క సంవత్సరము కదలక నిలిచినచో చాలును. ఖర్చు 26 లక్షల 70 వేలు అయినది. సొంత 20 లక్షలు సమసిపోయి, 6 లక్షల 70 వేల మేరకు అతడు పరుల సొమ్ములోనికి దిగిపోయినాడు. ఈ లెక్క అతడెరుగును. నోటు పెట్టెలో భద్రముగా దాచుకొన్న మేనత్త ఎరుగదు. ఆమె దృష్టిలో ఇంకను సొమ్ము సురక్షితముగానే ఉన్నది, వడ్డీ కూడ నెలనెలా వచ్చుచున్నది. ఆ వడ్డీ మరియొకరివద్ద తెచ్చిన క్రొత్త అప్పునుండి వచ్చుచున్నదని ఆమెకు చెప్పువారెవరు?

భూమికి మరియొక స్వభావము కలదు. కొట్టులో వంద బస్తాల బియ్యమున్నచో, వడ్డీ కట్టవలసిన దినమున పది బస్తాలు అమ్మి గండము గట్టెక్కవచ్చును. భూమిని అట్లు కొలిచి అమ్ముటకు వీలులేదు. కొనువాడు వచ్చినప్పుడే దానికి ధర. రానప్పుడు ఆ ధర నోటిమాట మాత్రమే. వెల పెరుగుచున్న కాలమున కొనువారు ఇంటికి వచ్చెదరు. తగ్గుచున్న కాలమున తగ్గించి ఇచ్చెదమన్నను ఎవరును రారు. అప్పు తీర్చవలసిన అక్కర ఎప్పుడు తీవ్రమగునో అప్పుడే భూమి అమ్ముడుపోదు. ఈ ఒక్క కారణము చేతనే ఆస్తి అప్పుకంటె ఎక్కువగా నున్నవారు కూడ దివాలా తీసినారు.

ఇంతకంటె ప్రమాదకరమైనది బయానా వ్యాపారము. కోటి రూపాయల భూమికి 10 లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో ఒప్పందపు కాగితము వ్రాయించుకొందురు. గడువు తీరకముందే మరియొకనికి కోటీ పది లక్షలకు బేరము కుదిర్చినచో, 10 లక్షలు 20 లక్షలగును. భూమి వెల నూటికి పదియే పెరిగినది, కాని పెట్టిన సొమ్ము రెట్టింపైనది. ఈ రుచి ఒకసారి తగిలినవానికి అంగడిలో రూపాయికి పదిపైసల లాభము చప్పగా తోచుట సహజము. అతడు 30 లక్షలతో మూడుచోట్ల బయానాలు ఇచ్చును. చేతిలో నున్నది 30 లక్షలు, మెడకు చుట్టుకొన్నది 3 కోట్ల బాధ్యత. రెండవవాడు మూడవవానికి, మూడవవాడు నాలుగవవానికి అదే కాగితమును అందించుచుండగా, అసలు రైతు పొలములో జొన్న కోసుకొనుచునే ఉండును. ఒక దినమున కొనువాడు ఆగిపోవును. అప్పుడు కాగితము ఎవని చేతిలో నున్నదో వాని బయానా రైతుకు మిగిలిపోవును, లేదా కోర్టులో వ్యాజ్యమై ఏండ్ల తరబడి నానును.

ఇట్లు కొనువాడు ఆగిపోయిన దినములు తెలుగు నేలపై పలుమారులు వచ్చినవి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనప్పుడు ఆ చుట్టుప్రక్కల భూములకు అంతులేని గిరాకి ఉండెను. అదే సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీయగా, ఆ ప్రకంపనములు హైదరాబాదు శివార్లలోని బయానా కాగితములవరకు వచ్చినవి. రాజధాని విషయము ఇంకను విశదమైనది. 2014 సెప్టెంబరులో విజయవాడ పరిసరములలో ఆంధ్రప్రదేశ్ రాజధాని ఏర్పడునని ప్రకటించినారు. 29 గ్రామముల రైతులు 33 వేల ఎకరములకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చినారు. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినది. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల ఆలోచన వెలువడినది. ఒక్క ప్రకటనతో కొనుగోళ్లు స్తంభించినవి. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినది. 2024 జూన్‌లో ప్రభుత్వము మారిన తరువాత అమరావతి పనులు మరల మొదలైనవి. చివరకు వెల తిరిగి లేచినది గదా అని కొందరందురు. నిజమే. సొంత సొమ్ముతో కొని ఓపికపట్టినవాడు నిలిచినాడు. వడ్డీకి తెచ్చినవానికి ఆ నాలుగున్నర సంవత్సరములు నిలుచుటకు శక్తి ఎక్కడిది? నూటికి రెండు రూపాయల లెక్కన ఆ కాలమునకు వడ్డీయే అసలును మించిపోవును. భూమి నిలిచినది, మనిషి నిలువలేదు.

జహీరాబాదు ప్రాంతపు కుటుంబములకు ఇది దూరపు వార్త కాదు. కేతకీ సంగమేశ్వరుని సన్నిధియైన ఝరాసంగము, న్యాలకల్ మండలములలో ‘నిమ్జ్’ అను పారిశ్రామిక మండలము వచ్చుచున్నదను వార్త పుట్టిననాటినుండి ఆ చుట్టుప్రక్కల పొలముల మాటయే మాట. 2023 ఆగస్టులో హైదరాబాదు కోకాపేటలో ప్రభుత్వము జరిపిన వేలములో ఎకరము 100 కోట్ల 75 లక్షలకు పోయినది. రహదారులు, నీరు, విద్యుత్తు సమకూర్చి, ఆకాశమునంటు భవనములకు అనుమతించు స్థలమునకు వచ్చిన ధర అది. అయినను ఆ వార్త చదివిన దినమున సుమారు 100 కిలోమీటర్ల దూరములో నున్న చెలకభూమి యజమానికి కూడ తన నేల బంగారమైనట్లు తోచినది. ధర పెరుగుటకంటె ముందుగా ఆశ పెరుగును.

ఇక అసలు ప్రశ్న. ఈ వ్యాపారము కాయకమగునా?

కాయకమునందే కైలాసమును చూచిన శరణులు వృత్తులలో హెచ్చుతగ్గులు పాటింపలేదు. మడివాళ మాచయ్య బట్టలుతికినాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనినాడు. బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని కొలువులో భాండాగారపు లెక్కలు చూచినాడు. వర్తకమును వారు నిషేధింపలేదు, సంపదను నిందింపలేదు. ఒక బీడుభూమిని కొని, సరిహద్దులు తేల్చి, బాటలు వేసి, మురుగుకాలువలు తీసి, తగాదాలు లేని హక్కుతో ఇండ్లు కట్టుకొనువారికి అందించువాడు నిశ్చయముగా శ్రమించుచున్నాడు; పది కుటుంబములకు నీడ కల్పించుచున్నాడు. వాని లాభము వాని కాయకఫలమే. కాని కాగితమును చేతులు మార్చి, నేలపై ఒక రాయియైనను కదల్పక, ఇరుగుపొరుగువారు ఇంకను ఎక్కువ ఆశపడుదురను నమ్మకముమీద మాత్రమే లాభము చూచువానిది ఏ కాయకము? అతడు చేయుచున్నది నిరీక్షణము మాత్రమే. సొంత సొమ్ముతో నిరీక్షించినచో అది నేరము కాకపోవచ్చును. దానిని కాయకమనుట మాత్రము ఆ పదమునకు అన్యాయము.

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతమును తలచుకొనుట ఉచితము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వాటితోనే జంగమదాసోహము చేయుట ఆ దంపతుల నియమము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఎక్కువ ఎందుకని, ఈ ఆశ ఎవరిదని ప్రశ్నించి, ఎక్కువైనదానిని తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపినది. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. ఎవరిని మోసగించి తెచ్చినది కాదు. అయినను ఆమె తిప్పిపంపినది. సాధారణముగా ఈ కథను అపరిగ్రహమునకు ఉదాహరణముగా చెప్పుదురు. దానిలో మరియొక విశేషము కూడ కలదు. భర్త తెచ్చినది ఎంతయని, ఎక్కడిదని అడుగు అధికారము ఆ ఇంట భార్యకు ఉండెను. నేడు ఎన్ని ఇండ్లలో గృహిణి ఆ ప్రశ్న అడుగగలుగుచున్నది? ఆమె పేరున నున్న ఇంటిని తాకట్టుపెట్టునప్పుడు బ్యాంకులో వరుసగా పెట్టిన కాగితములపై, చూపినచోట సంతకము చేయుట తప్ప ఆమెకు మరేమియు తెలియని సందర్భములే అధికము. 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము బాకీ మొండిపడినచో బ్యాంకు 60 దినముల నోటీసు ఇచ్చి, కోర్టుకు పోకుండగనే ఆ ఇంటిని స్వాధీనపరచుకొనవచ్చునని ఆమెకు తెలియునది ఆ నోటీసు గోడకు అంటించిన దినముననే.

సేద్యములో నష్టము లేదా, వానను నమ్ముకొనుట కూడ జూదమే గదా అని ఒక ఆక్షేపణ వచ్చుచుండును. అప్పు లేనిదే ఏ వ్యాపారము నడచునని మరియొకరి మాట. ఈ రెండును త్రోసిపుచ్చదగినవి కావు. నష్టభయమును పాపమనువాడు నాగలి పట్టలేడు, తక్కెడ ముట్టలేడు. కాని రైతు విత్తినప్పుడు పోగొట్టుకొనునది తన విత్తనము, తన చెమట. అప్పు తెచ్చి విత్తినను, వాన కొరకు వేచియున్నాడని ఋణదాతకు తెలియును. ఇద్దరును ఒకే మేఘమును చూచుచున్నారు. భూవ్యాపారికి సొమ్ము ఇచ్చిన వియ్యంకుడు, కూతురి పెండ్లికై దాచిన సొమ్మును ‘భద్రముగా నుండును’ అని నమ్మి ఇచ్చినాడు. అతనికి చూపినది వడ్డీ మాత్రమే, మేఘమును చూపలేదు. నష్టభయమును తానొక్కడు భరించుట సాహసము. తెలిసి అంగీకరించినవానితో పంచుకొనుట వ్యాపారము. తెలియనివాని నెత్తిన పెట్టుట ద్రోహము. ఈ మూడును కోర్టులో ఒకే ‘దివాలా’ పేరుతో పిలువబడినను, ధర్మము దృష్టిలో వేరువేరు.

చిత్రమేమనగా, చట్టము కూడ ఈ భేదమును బొత్తిగా విస్మరింపలేదు. జనులు ‘ఐ.పి. పెట్టుట’ అని చెప్పుకొను దివాలా దరఖాస్తునకు ఇక్కడి జిల్లాలలో ఆధారము 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. 2016 నాటి దివాలా స్మృతిలోని వ్యక్తుల భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారి విషయముననే అమలులోనికి వచ్చినది. సామాన్య గృహస్థునికి ఆ పాత చట్టమే దిక్కు. దాని 42వ సెక్షను చదువదగినది. ఋణగ్రస్తునికి పూర్తి విముక్తిని కోర్టు నిరాకరింపవలసిన కారణములను అందు చెప్పినారు. లెక్కల పుస్తకములు ఉంచకపోవుట, దివాలా స్థితి తెలిసియు వ్యాపారము సాగించుట, తీర్చగలనను సహేతుకమైన ఆశ లేకుండగనే అప్పు చేయుట, సాహసపు సట్టా బేరములవలన గాని జూదమువలన గాని దుబారావలన గాని దివాలా తెచ్చుకొనుట, ఇవి వాటిలో కొన్ని. పరదేశ పాలనలో వ్రాసిన చట్టమైనను, సదాచారమును బోధించు గురువు అడుగదగిన ప్రశ్నలే ఇందు కలవు. ముఖ్యముగా ‘తీర్చగలనను ఆశ లేకుండ అప్పు చేయుట’ అనునది గమనింపదగినది. దివాలా కోర్టులో పుట్టదు. వెనుకటి అప్పునకు వడ్డీ కట్టుటకై క్రొత్త నోటు వ్రాసిన రాత్రియే పుట్టినది. ఆ రాత్రివరకు అతడు దురదృష్టవంతుడు కావచ్చును. ఆ నోటుతో మరియొక మాట చేరినది.

రెండు ధరల విషయము కూడ ఇక్కడనే చెప్పుకొనవలెను. కోటికి కొని 30 లక్షలకు దస్తావేజు వ్రాయించుట లోకాచారమైపోయినది. మంచివారు, లింగపూజాపరులు కూడ దీనిని తప్పుగా భావించుట మానుకొన్నారు. సత్యశుద్ధ కాయకమను మాటను పలుకుచు, సబ్ రిజిస్ట్రారు ఎదుట అసత్యమునకు వ్రేలిముద్ర వేయుట ఎట్లు పొసగునో వారే చెప్పవలెను. అది అట్లుంచి, లౌకికముగా చూచినను కీడే. అమ్మినవాని హక్కు చెల్లదని తేలిన దినమున, కోర్టులో తిరిగి అడుగుటకు ఆధారమున్నది 30 లక్షలకే. మిగిలిన 70 లక్షలు తాను ఇచ్చితినని చెప్పుటకు వీలులేదు, చెప్పినచో మరియొక నేరము ఒప్పుకొనినట్లగును. తన అసత్యమే తన నోరు నొక్కును.

అపార్టుమెంట్లలో ‘ప్రీ లాంచ్’ పేరిట, అనుమతులు రాకముందే తక్కువ ధరకిచ్చెదమని చెప్పి పూర్తి సొమ్ము వసూలు చేయుట మరియొక మార్గము. 2016 నాటి రెరా చట్టము ప్రకారము నమోదు కాని నిర్మాణమును అమ్మరాదు. రిజిస్టరు చేసిన ఒప్పందము లేకుండ వెలలో పదవవంతు మించి తీసికొనరాదు. కొనుగోలుదారుల సొమ్ములో నూటికి 70 వంతులు వేరు ఖాతాలో ఆ నిర్మాణమునకే ఉంచవలెను. బిల్డరు కంపెనీ దివాలా తీసినచో, 2018 సవరణ తరువాత ఇండ్లు కొన్నవారికి కూడ ఋణదాతల సభలో స్థానము కలదు. కాని తనఖా ఉన్న బ్యాంకులకు గల రక్షణ వారికి లేదు. చవకగా వచ్చుచున్నదని ఈ నిబంధనలను తెలిసి దాటినవాడు, మోసపోయిన పిదప తాను నిర్దోషినని చెప్పుకొనుట కొంత కష్టమే.

జామీను సంతకము గురించి ఒక్క మాట. మొగమాటమునకు చేసిన సంతకమని లోకులందురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననియెడల, జామీనుదారుని బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము. బ్యాంకు మొదట నేరుగా జామీనుదారుని ఇంటికే రావచ్చును. అన్న చేసిన అప్పునకు తమ్ముని జీతము జప్తునకు రావచ్చును. ఆ సంతకమడుగువాడు తన లెక్కల పుస్తకమును ముందుగా ఎదుట పెట్టవలెను. పెట్టనివానికి, ఎంతటి ఆప్తుడైనను, లేదని చెప్పుట అమర్యాద కాదు.

మఠములకు నేరుగా సంబంధించిన చిక్కు ఒకటి కలదు. దీనిని గురించి బహిరంగముగా మాటలాడుట తక్కువ. అప్పులలో మునిగినవాడు దానము మానుకొనడు. పైపెచ్చు ఎక్కువ చేయును. ఉత్సవమునకు అన్నదానము, కల్యాణమంటపమునకు గది, గురుపీఠమునకు పల్లకి. కొంత భక్తి, కొంత భయము. కొంత తన పరపతి చెక్కుచెదరలేదని ఊరికి చూపవలెనను ఆరాటము. శిలాఫలకముపై పేరు చూచి మరి నలుగురు అతనికి అప్పు ఇత్తురు. ఈ విధముగా మఠపు గోడయే అతని పరపతికి సాక్ష్యమగును. ఇది దాసోహమగునా? దాసోహమనగా తన కాయకఫలమును ‘నేను దాసుడను’ అను భావముతో సమర్పించుట. మేనత్త పెట్టెలోని నోటును సమర్పించుటకు అతనికి హక్కు ఏది? సమర్పించినది ఆమె, ఫలకముపై పేరు అతనిది.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో బిజ్జలుని ధనాగారపు ఘట్టము కలదు. రాజధనమును బసవన్న జంగమములకు ధారపోయుచున్నాడని అసూయాపరులు మోపిన నింద విని, రాజు లెక్క చూపుమన్నాడు. ధనమును లెక్కింపగా ఒక్క మాడయు తక్కువ కాలేదు. భక్తులు దీనిని శివమహిమగా చెప్పుకొందురు, అది వారి విశ్వాసము. దానితోపాటు ఈ ఘట్టములో గృహస్థులకు పనికివచ్చు అర్థము కూడ ఉన్నది. దాసోహము ఎంత విరివిగా సాగినను పరుల సొమ్ములో ఒక్క నాణెము తరుగలేదు. అడిగిన తక్షణమే పెట్టె తెరచి చూపగలిగిన స్థితి ఉండెను. నేటి దాతకు కావలసిన యోగ్యత అదియే.

దివాలా చట్టము ఈ విషయమున మఠములకు మినహాయింపు ఇయ్యలేదు. 53వ సెక్షను ప్రకారము, ప్రతిఫలము పుచ్చుకొనక ఆస్తిని బదిలీచేసిన రెండేండ్లలోపల పడిన దరఖాస్తుపై ఆ వ్యక్తి దివాలాదారుగా ప్రకటింపబడినచో, ఆ బదిలీని కోర్టు రద్దుచేయవచ్చును. భార్య పేరున, బావమరది పేరున వ్రాసిన ఇండ్లకే కాదు, మఠమునకు వ్రాసియిచ్చిన ప్లాటుకు కూడ ఈ నియమము వర్తించును. కోర్టు అడుగువరకు మఠము వేచియుండవలెనా? దాత పతనమైనాడని, అతనికి ఇచ్చిన విధవరాండ్రు, కూలివారు వీధిని పడినారని తెలిసిన తరువాత, ఆ సొమ్ముతో వండిన ప్రసాదము ఎట్లు రుచించును? తీసికొన్నది నగదైయుండి, ఇంకను ఖర్చు కాకున్నచో తిరిగి ఇచ్చివేయుట సులభము. గోడలుగా మారియున్నచో కష్టమే. అప్పుడైనను ఏండ్ల తరబడిగానైనను ఆ మొత్తమును చిన్న ఋణదాతలకు చేర్చు ఏర్పాటు మఠపు కమిటీ చేయవచ్చును. శిలాఫలకముపై పేరు తొలగింపవలెనా అను చర్చకంటె ఈ ఏర్పాటు ముఖ్యము.

పడిపోయిన తరువాత ధర్మమేమి? ఈ భాగము మొదటిదానికంటె కఠినము. మొదటి పని సమస్తమును వెల్లడించుట. భార్య నగలు పుట్టింటికి చేర్చి, లారీ తమ్ముని పేర మార్చి, మిగిలిన ఉత్తచేతులతో కోర్టుకు పోవుట ఐ.పి. కాదు, దొంగతనమునకు ముద్రవేయించుకొనుట. రెండవది, ఎవరికి ముందు ఇయ్యవలెనను ప్రశ్న. చట్టము సమానముగా పంచుమనును; దరఖాస్తునకు ముందు మూడు నెలలలో ఒకనిపై పక్షపాతముతో చెల్లించినచో అది చెల్లదని 54వ సెక్షను. లోకమర్యాద మరియొక విధముగా నడచును. గట్టిగా అరచినవానికి, రౌడీని పంపినవానికి, వియ్యంకునికి ముందు ముట్టును. నోరులేని పనిమనిషి చీటీ సొమ్ము చివరకు మిగులును. ఉన్నది రూపాయికి నలుబది పైసలైనప్పుడు అందరికిని నలుబది పైసలే ఇచ్చుట న్యాయము. చిన్నవారికి మొదట పూర్తిగా ఇచ్చి పెద్దవారిని ఆగుమనుట దయ. పెద్ద ఋణదాతలు తాముగా అంగీకరించినచో ఆ దయ న్యాయమునకు విరుద్ధము కాదు. వారిచేత అంగీకరింపజేయుటకు ఊరిలో గురువులకు, పెద్దలకు గల పలుకుబడి ఇట్టి సమయమునకు కాక మరి దేనికి?

మూడవది కాలదోషము. డిమాండు ప్రామిసరీ నోటునకు 1963 నాటి లిమిటేషను చట్టము ఇచ్చిన గడువు వ్రాసిననాటినుండి మూడు సంవత్సరములు. ఆ దినము దాటిన మరునాడు ‘ఇక నాకు బాధ్యత లేదు’ అని ధైర్యముగా తిరుగువారు కలరు. చట్టము వారికి అంత ధైర్యము ఇయ్యలేదు. కాలదోషము పట్టినది కోర్టుకు పోవు హక్కునకే, అప్పునకు కాదు. కాంట్రాక్టు చట్టము 25వ సెక్షనులో ఒక వాక్యమున్నది: కాలదోషము పట్టిన అప్పును తీర్చెదనని ఋణగ్రస్తుడు వ్రాసి సంతకము చేసినచో, క్రొత్తగా ఏ ప్రతిఫలమును లేకున్నను ఆ వాగ్దానము చెల్లును. అనగా మనస్సాక్షి మేల్కొనుటకు చట్టమే ఒక తలుపు తెరచి ఉంచినది.

తండ్రి అప్పు కుమారుడు తీర్చవలెనా? హిందూన్యాయము పుత్రధర్మము పేరిట ఈ బాధ్యతను కొడుకుపై మోపుచుండెను. 2005 సెప్టెంబరు 9 తరువాతి అప్పులకు కేవలము ఆ పుత్రధర్మము ఆధారముగా కొడుకుపై, మనుమనిపై దావా చెల్లదని వారసత్వ సవరణ చట్టము నిర్దేశించినది. తండ్రి వదలిన ఆస్తి ఉన్నంతవరకు దానినుండి వసూలు చేసికొనవచ్చును, అంతే. ఈ మార్పు మంచిదే. జన్మచేత ఎవనికిని హీనత్వము గాని, భారము గాని అంటదని చెప్పిన బసవధర్మమునకు జన్మఋణమను భావము సరిపడదు. కాని తండ్రి కొన్న బయానా లాభముతోనే కొడుకు ఇంజనీరింగు చదివియున్నచో? ఆ ఫీజు మేనత్త నోటునుండి వచ్చియున్నచో? అప్పుడు అది తండ్రి అప్పు మాత్రమే కాదు, తాను తిన్నదానికి లెక్క. చట్టము ఈ రెండింటిని వేరుచేయలేదు, కొడుకు వేరుచేసికొనగలడు.

ఋణదాతల ధర్మము కూడ కలదు. నెలకు నూటికి మూడు రూపాయలు, అయిదు రూపాయలు అడిగినవాడు తెలిసియే అడిగినాడు. అంత వడ్డీ ఇయ్యగల న్యాయమైన వ్యాపారము లోకములో లేదని ఎరుగని అమాయకుడు కాడు. నష్టములో అతనికిని వంతు కలదు. ఇంటిముందు కూర్చుండి స్త్రీలను దూషించుట, పిల్లల బడికి పోయి పరువు తీయుట, పెండ్లి సంబంధములు చెడగొట్టుట, పీఠముల సభలలో వెలివేయించుట ఏ నోటులోను వ్రాసికొనిన షరతులు కావు. ఈ అవమానములకు తాళలేక ప్రాణము తీసికొన్నవారి బాకీ ఎన్నటికిని తీరలేదు, అవతలివారి సొమ్మును రాలేదు. దివాలా చట్టపు మూలోద్దేశము ఋణగ్రస్తుని మరల పనిలో నిలుపుట. 1976లో వెట్టి నిర్మూలన చట్టము వచ్చుటకు పూర్వము అప్పు పేరిట తరములకు తరములు పాలేరుతనములో మగ్గిన చరిత్ర ఈ దేశమునకు కలదు. జీవితాంతము ఋణదాతకు బందీయైనవానికి కాయకము లేదు, కాయకము లేనివానికి దాసోహము లేదు. కావున సర్వమును అప్పగించి, దాపరికము లేక నిలిచినవానికి విముక్తి ఇచ్చుట బసవధర్మమునకు అనుకూలమే.

అట్టివానిని సంఘము ఎట్లు చేర్చుకొనవలెనన్నది మిగిలిన ప్రశ్న. విముక్తి పొందని దివాలాదారు పార్లమెంటునకు గాని శాసనసభకు గాని అర్హుడు కాడని రాజ్యాంగము చెప్పుచున్నది. అంత మాత్రమున శివానుభవ గోష్ఠిలో అతని చాప తీసివేయనక్కరలేదు. మఠపు కోశాధికారిగా అతనిని వెంటనే నియమింపకుండుట వివేకము, పంక్తిలో కూర్చుండబెట్టకుండుట క్రౌర్యము. కొట్టు పోగొట్టుకొన్నవానికి మరియొకరి కొట్టులో గుమాస్తా పని దొరకుట నేడు ఊరిలో అన్నిటికంటె కష్టము, తెలిసినవారే సంశయింతురు. అతనికి తక్కెడ అప్పగించు మొదటి అంగడి మఠభక్తునిదే అయి, సాయంకాలము లెక్క ఇద్దరును కూర్చుండి చూచుకొనినచో, ఆ జీతములోనుండి నెలకు వేయి రూపాయలైనను మేనత్తకు చేరుట మొదలగును.